తిరగబడ్డ వాక్యం

కత్తెరక్క రిటైరై ఇంటికొచ్చిన రోజున చేసిన మొదటి పని, హ్యాండ్‌బ్యాగు అడుగున పోగుపడిన ఎర్ర పెన్నులన్నీ ఏరి పక్కింటివాళ్ళకి ఇచ్చెయ్యడం. దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటరుగా చేరిన నాటి నుంచి బయటికొచ్చే దాకా ఆవిడ చేసిందల్లా ఊళ్ళోవాళ్ళు రాసిన వాక్యాలు కత్తిరించడమే. "ప్రమాదం సంభవించడం జరిగింది" అని వస్తే "ప్రమాదం జరిగింది" అని దిద్దడం, "మంత్రిగారు తన ప్రసంగంలో మాట్లాడుతూ అన్నారు" అని వస్తే "మంత్రి అన్నారు" దగ్గర ఆపడం. కుర్ర సబ్‌ఎడిటర్లు పెట్టిన పేరే కత్తెరక్క. ఆ పేరంటే ఆవిడకి లోపల్లోపల ఇష్టమే. కానీ ఇంక చాలు. తెలుగులో ఎవరు ఎంత ఘోరంగా రాసుకుంటే తనకేమిటి, తన కాఫీ తను తాగుతుంది, తన కిటికీ పక్కన తను కూర్చుంటుంది, అంతే.

ఆ నిశ్చయం వర్షాలు మొదలయ్యేదాకా కూడా నిలవలేదు. కారణం ఆవిడ మొగుడు.

ఆయన యూనివర్సిటీలో లెక్కల మాస్టారు. ప్రాబబిలిటీ చెబుతాడు. అంటే ఏది జరగడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టే శాస్త్రం. బోర్డు మీద సుద్దముక్కతో ఎంత హాయిగా ఉంటాడో, కాగితం మీద నాలుగు మాటలు రాయమంటే అంత గిలగిల్లాడతాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన రాసిన ఉత్తరాలు కత్తెరక్క ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటుంది. "క్షేమం. నువ్వు కూడా అని ఆశిస్తాను. శనివారం వస్తాను." అంతకు మించి ఒక్క అక్షరం ఉండేది కాదు.

అలాంటి మనిషి నెత్తిన యూనివర్సిటీవాళ్ళు రాత కోర్సు రుద్దారు. డిగ్రీ పిల్లలకి నాలుగు ముక్కలు సొంతంగా రాయడం రావడం లేదనీ, ఇక నుంచి ప్రతివాళ్ళూ రాతకి ప్రాధాన్యం ఉన్న కోర్సులు రెండైనా పాసైతేనే పట్టా ఇస్తామనీ కొత్త నిబంధన తెచ్చారు. అందులో ఒకటి సొంత డిపార్ట్‌మెంటులోనే ఉండాలిట. పరీక్షలో రాసి పారేస్తే చాలదు. విద్యార్థి వ్యాసం రాయాలి, మాస్టారు దాని మీద వ్యాఖ్యలు రాసి తిప్పి ఇవ్వాలి, విద్యార్థి అది చూసుకుని మళ్ళీ రాయాలి, మళ్ళీ మాస్టారు చదవాలి. సెమిస్టరంతా ఇదే వరస. లెక్కల డిపార్ట్‌మెంటులో ఈ కోర్సు ఎవరు తీసుకుంటారని హెడ్డుగారు మీటింగులో అడిగితే, అందరూ పైకప్పు వంక చూశారు. మాస్టారు మాత్రం చేతిలో ఉన్న అజెండా కాగితం వెనక ఏదో లెక్క చేసుకుంటూ, అది తేలేసరికి సంతోషం పట్టలేక తల ఊపాడు. హెడ్డుగారు అదే అంగీకారం కింద రాసేసుకున్నారు.

"తల ఊపింది లెక్కకి, మీటింగుకి కాదు అని చెప్పలేకపోయారా?" అంది కత్తెరక్క.

"చెప్పేలోపు చప్పట్లు కొట్టేశారు," అన్నాడాయన దీనంగా.

మొదటి కట్ట ఇంటికొచ్చిన రోజున మాస్టారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పై కాగితం తీశాడు, చదివాడు, నిట్టూర్చాడు, పెట్టేశాడు. రెండోది తీశాడు. అదీ అంతే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అన్నిటి మీదా పెన్సిలుతో "బాగుంది" అని రాసి ఉంది. ఒకదాని మీద మాత్రం "చాలా బాగుంది". ఎందుకని అడిగితే, దస్తూరి గుండ్రంగా ఉందన్నాడు.

కత్తెరక్క పట్టించుకోకూడదనే అనుకుంది. కానీ బల్ల తుడవాలంటే కాగితాలు ఎత్తాలి కదా. ఎత్తినప్పుడు కళ్ళు ఊరుకోవు కదా. "నేటి ఆధునిక యుగంలో గణితశాస్త్రం మానవ జీవితంలో అత్యంత ప్రముఖ పాత్ర పోషించడం జరుగుతున్నది" అని ఉంది మొదటిదాని మొదటి వాక్యం. రెండోదాంట్లోనూ ఆధునిక యుగమే. మూడోవాడు ఒకడుగు ముందుకేసి "అనాదిగా" అన్నాడు. ఇంకోడు పాచికల గురించి పేజీ అంతా రాశాడు గానీ పాచికకి ఎన్ని ముఖాలుంటాయో ఎక్కడా చెప్పలేదు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. వీటి మీదా ఈ మహానుభావుడు "బాగుంది" అని రాశాడు!

"ఏమండీ, వీటిని అసలు చదివారా?"

"చదివాను. లెక్కలు చూశాను. లెక్కలన్నీ కరెక్టే."

"లెక్కలు కాదండీ, వాక్యాలు."

"వాక్యాల్లో తప్పేముంది? అర్థమవుతోందిగా."

అంతే, ఆవిడ పక్కింటి తలుపు తట్టి ఒక ఎర్ర పెన్ను వెనక్కి అడిగి తెచ్చుకుంది. ఒక్కటంటే ఒక్కటి దిద్దుదామనుకుంది, చూపించడానికి. మర్నాడు మధ్యాహ్నానికి కట్టంతా అయిపోయింది. కాగితాల అంచుల్లో ఎర్ర చీమలు పాకినట్టుంది. "ఆధునిక యుగానికి ముందు లెక్కలు లేవా?" "ఎవరికి జరిగింది? ఎక్కడ?" "ఈ పేరా తీసేస్తే నష్టమేమిటి?" మాస్టారు చూసి కళ్ళు తేలేశాడు. తర్వాత ఒక్కొక్కటే తిప్పుతూ, తను రాసిన "బాగుంది"లన్నీ రబ్బరుతో చెరిపేశాడు. ఆ సాయంత్రం నుంచి, ఎవరూ పైకి ఒప్పందం చేసుకోకుండానే, కట్టలు రావడం, ఆవిడ దిద్దడం, ఆయన పట్టుకెళ్ళి పంచిపెట్టడం అలవాటైపోయింది.

అత్తగారు ఇదంతా తన వాలుకుర్చీలోంచి చూస్తూనే ఉంది. "నువ్వు కదమ్మాయ్ రిటైరయింది? వాడు హాయిగా పేపరు చదువుకుంటున్నాడేం?" అని ఒకసారి అడిగింది కూడా. కత్తెరక్క ఇంకో కాగితం తీసింది. విసుగ్గా ఉంది, నిజమే. ఒక్కో కాగితం తీసినప్పుడల్లా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది, అదీ నిజమే. కానీ మొదటిసారి చెత్తగా రాసినవాడు రెండోసారి కొంచెం తక్కువ చెత్తగా రాసుకొస్తే, ఆ కొంచెం దగ్గర ఆవిడకి ప్రాణం లేచొచ్చేది. పత్రికలో ఆ సుఖం ఉండేది కాదు. అక్కడ దిద్దింది దిద్దినట్టు అచ్చయిపోయేది, రాసినవాడు వెనక్కి తిరిగి చూసుకునేవాడు కాడు.

ఆ కట్టలు రాసేవాళ్ళలో ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి కత్తెరక్క పొదుపమ్మాయి అని పేరు పెట్టుకుంది. అందరూ పేజీలకు పేజీలు నింపితే, ఈ పిల్ల అరపేజీ కూడా రాయలేదు. అరుదైన రోగానికి చేసే టెస్టు గురించిన వ్యాసం. ఒక సూత్రం, ఒక లెక్క, కింద ఒకే వాక్యం: "కావున టెస్టు పాజిటివ్ వచ్చిన వ్యక్తికి రోగం ఉండే అవకాశం తక్కువ." అక్కడితో సరి.

"ఎవరా వ్యక్తి?" అని రాసింది కత్తెరక్క.

రెండో ప్రతిలో పొదుపమ్మాయి లెక్కని ఇంకాస్త విడమరిచింది గానీ, ప్రశ్న పక్కన చిన్న అక్షరాలతో "ఎవరైనా కావచ్చు సర్. మార్కులకి అది అవసరమా?" అని తిరుగు ప్రశ్న వేసింది. కత్తెరక్కకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "మార్కులకి కాదు, నాకు అవసరం. ఎవరైనా అంటే ఎవరూ కారు. ఒక మనిషిని చూపించు," అని రాసింది.

మూడోసారి వచ్చిన కాగితాలు చదవడానికి ఆవిడ కిటికీ పక్కకి వెళ్ళి కూర్చుంది. ఆ వ్యక్తి పొదుపమ్మాయి వాళ్ళమ్మ. మామూలుగా చేయించుకున్న టెస్టులో పాజిటివ్ వచ్చింది. డాక్టరు ఈ టెస్టు నూటికి తొంభై కరెక్టమ్మా అన్నాడు. వాళ్ళమ్మ ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ అనకుండా బీరువా సర్దడం మొదలుపెట్టింది. కూతురికి సరిపోయే బట్టలన్నీ తీసి ఒకవైపు పెట్టింది. కూతురు వంటింట్లో కూర్చుని లెక్క వేసింది. రోగం వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో ఉండేది. లేనివాళ్ళలో కూడా కొందరికి టెస్టు పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. లేనివాళ్ళు బోలెడుమంది కాబట్టి ఆ పొరపాట్లే ఎక్కువ తేలతాయి. అమ్మకి రోగం లేకపోవడానికే అవకాశం ఎక్కువని చూపిస్తే, వాళ్ళమ్మ నీ లెక్కలు నీ దగ్గరే ఉంచుకో అంది. తర్వాత చేసిన పెద్ద పరీక్షలో ఏమీ లేదని తేలింది.

కత్తెరక్క పెన్ను మూత తీసింది. బట్టలు ఒకవైపు పెట్టిన వాక్యం దగ్గర అంచులో నిలువుగీత గీసింది. బాగున్నచోట ఆవిడ పెట్టే గుర్తు అది, డెస్కులో చాలామందికి దక్కనే లేదు. ఇక మిగతాది దిద్దాలి. బీరువా దాకా గుక్క తిప్పుకోకుండా నడిచిన వ్యాసం, లెక్క దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఆఫీసు భాషలో పడింది. "రోగము ఉన్నట్టివారు ఎవరైతే కలరో, అట్టివారిలో నూటికి తొంభైమంది విషయమున టెస్టు ఫలితము పాజిటివ్‌గా వచ్చుటకు అవకాశము కలదు." ఎవరైతే కలరో! అట్టివారిలో! ఆవిడ పళ్ళు నూరుకుంటూ మొత్తం కొట్టేసి, పైన చక్కగా రాసింది: "టెస్టు పాజిటివ్ వచ్చిందంటే, నూటికి తొంభైమందికి రోగం ఉన్నట్టే." సగానికి సగం తగ్గింది. చదివితే నీళ్ళు తాగినట్టు దిగుతోంది. తృప్తిగా పెన్నుకి మూత పెట్టింది.

ఇటు క్యాంపస్‌లో మాస్టారి పేరు మోగిపోవడం మొదలైంది. లెక్కల పిల్లల వ్యాసాలు కొన్ని తెప్పించుకుని చూసిన రాత కోర్సుల కమిటీ మురిసిపోయిందిట. ఇంత ఓపిగ్గా వ్యాఖ్యలు రాసే మాస్టారు ఇంకే డిపార్ట్‌మెంటులోనూ లేడందిట. మాస్టారు ఈ కబురు చెప్పినప్పుడు ఆయన మొహంలో సిగ్గుకి బదులు కాస్త గర్వమే కనిపించింది కత్తెరక్కకి. ఒళ్ళు మండింది గానీ, కాఫీ ఇచ్చి ఊరుకుంది.

తర్వాత వారం మాస్టారు మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. బ్యాగు కుర్చీలో పడేసి, చెప్పులు విప్పకుండానే హాల్లో నిలబడ్డాడు.

జరిగింది ఇదీ. పొదుపమ్మాయి ఆయన గదికి వచ్చింది. మూడో ప్రతి చేతిలో పట్టుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి, సర్, మీరిలా మార్చారు, నాకు అర్థం కావడంలేదు అంది. మాస్టారు చదివాడు. క్లాసులో మొదటి వారం నుంచీ గొంతు చించుకుని ఏ తప్పు చెయ్యకండర్రా అని చెబుతున్నాడో సరిగ్గా ఆ తప్పే, ఎర్ర సిరాతో, తన పేరు మీద అక్కడ కూర్చుని ఉంది. చూసి చెబుతానమ్మా అని పంపించేశాడు. ఆ అమ్మాయి వెళ్ళబోతూ, మీరు మనిషిని చూపించమన్నారని బీరువా సంగతి రాశాను సర్, అది సరిపోతుందా అని అడిగితే, ఏ బీరువా అన్నాడుట. ఆ పిల్ల ఆయన మొహంకేసి అదోలా చూసి వెళ్ళిపోయిందిట.

కత్తెరక్క ముందు రెండో సంగతి పట్టుకుంది. "ఏ బీరువా అన్నారా? అంటే నేను దిద్దాక మీరు ఒక్కసారైనా తిప్పి చూడలేదన్నమాట."

"నువ్వు చూశాక నేను చూసేదేముందీ అని..."

"బాగుంది. ఇంతకీ నా వాక్యంలో తప్పేమిటి? ఆ పిల్ల చెప్పిందే కదా, చక్కగా చెప్పాను."

"ఆ పిల్ల చెప్పింది వేరు, నువ్వు చెప్పింది వేరు. తిరగేశావు."

"తిరగేస్తే ఏమైంది? కుడి నుంచి చూసినా ఎడమ నుంచి చూసినా అదేగా."

మాస్టారు తలపట్టుకున్నాడు. కాగితం తీసి గుండ్రాలు గియ్యబోతే, గుండ్రాలొద్దు, మనుషుల భాషలో చెప్పండి అందావిడ. ఆయన కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, ఎదురుగా వాలుకుర్చీలో ఉన్న తల్లిని చూసి ఆగాడు.

"మా యూనివర్సిటీలో ప్రొఫెసర్లని వందమందిని నిలబెట్టావనుకో, తొంభైమందికి కళ్ళజోళ్ళుంటాయి. ఔనా? ఇప్పుడు వీధిలోకెళ్ళి కళ్ళజోడున్నవాళ్ళని వందమందిని పట్టుకో. తొంభైమంది ప్రొఫెసర్లా?"

కత్తెరక్క నోరు తెరిచేలోపు అత్తగారు అందుకుంది. "నేనున్నానుగా, కళ్ళజోడు పెట్టుకుని. నేనెక్కడి ప్రొఫెసర్నిరా?" అని, కోడలి వైపు తిరిగి, "ఆ మాత్రం తెలీకుండా మార్చేశావేమిటే అమ్మాయ్?" అంది.

కత్తెరక్క కుర్చీలో కూర్చుండిపోయింది. రెండు వాక్యాలూ మనసులో పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఎవరైతే కలరో, అట్టివారిలో. ఆ పిల్ల ఆ మాటలు ఊరికే వాడలేదు. ఎవరిలో నూటికి తొంభై అన్నది జారిపోకుండా, ఒత్తి పట్టుకోవడానికి వాడింది. వికారంగానే పట్టుకుంది, కానీ పట్టుకుంది. తను దాన్ని నున్నగా చెక్కే వేడిలో ఆ పట్టే తెంపేసింది. పైగా తను రాసిందే నిజమైతే డాక్టరు అన్నది సబబే, వాళ్ళమ్మ బీరువా సర్దుకోవడమూ సబబే, ఇక ఆ వ్యాసం రాయడానికే అర్థం లేదు. ఇంత చిన్న సంగతి తట్టలేదు తనకి! తప్పు దొరికితే ఎవర్నైనా ఉతికి ఆరేసే మనిషికి, ఇప్పుడు ఆ ఉతుకుడు ఎవరి మీద చెయ్యాలో తెలియలేదు.

మాస్టారు అప్పటికే ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. పరధ్యానంలో పొరపాటు రాశానని ఆ అమ్మాయితో చెప్పేస్తే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు.

"కుదరదు. రేపు నన్ను తీసుకెళ్ళండి. ఆ సిరా నాదని నేనే చెబుతాను," అంది కత్తెరక్క.

"చెబితే నా పరువేం కాను?"

"బీరువా తెలియనప్పుడే పోయింది లెండి అది."

మాస్టారి గది మేడ మీద, నడవా చివర ఉంది. ఒక బల్ల, ఒక బీటలు తీసిన బ్లాక్‌బోర్డు, కాగితాల బరువుకి నడుం వంగిన అరలు. కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు కనిపిస్తుంది. కత్తెరక్క మూలనున్న కుర్చీలో కూర్చుంది. పొదుపమ్మాయి వచ్చింది. ఆవిడ ఊహించుకున్నట్టు ముడుచుకుపోయే పిల్ల కాదు, తలుపు పూర్తిగా తెరుచుకుని వచ్చి నిలబడింది. మాస్టారు రెండు మాటలు మొదలుపెట్టి రెండూ మింగేశాడు. ఇక లాభం లేదని కత్తెరక్కే చెప్పేసింది. తను ఎవరో, ఏం పని చేసేదో, కట్టలు ఇంటికెలా వచ్చేవో, ఆ వాక్యాన్ని తనే మార్చిందనీ, అది తప్పనీ, ఆ అమ్మాయి రాసిందే ఒప్పనీ.

అమ్మాయి ముందు మాస్టారి వైపు చూసింది.

"సర్ రాశారు కదా, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నాను. వారం రోజులు మళ్ళీ మళ్ళీ చేశాను. మా అమ్మ ఫైలు తీసి పెద్ద పరీక్ష కాగితాలు కూడా మళ్ళీ చూశాను, అందులో ఏమైనా పొరపాటు చదివామేమోనని. అమ్మ ఎందుకే అంటే ప్రాజెక్టు అన్నాను."

కింద ఎవరో సైకిలు స్టాండు తీస్తున్న చప్పుడు.

"సర్ అడిగారని రాశాను అదంతా. సర్ తెలుసుకోవాలనుకున్నారు కాబోలు, ఎవరికీ చెప్పరు కదా అనుకున్నాను. మీరు చదువుతున్నారని తెలిస్తే నేను రాసేదాన్ని కాదు మేడమ్." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. పెంచినా బాగుండును అనిపించింది కత్తెరక్కకి. "నా కాగితాలు నాకిచ్చెయ్యండి."

మాస్టారు ఇచ్చేశాడు. కత్తెరక్క లేచి నిలబడి, తప్పయిపోయిందమ్మా అంది. పత్రికలో ఎంతోమంది చేత సవరణలు వేయించిన మనిషి, ఆ రెండు మాటల వెనక ఇంకేం చేర్చాలో తెలియక ఊరుకుంది. అమ్మాయి తల కూడా ఊపకుండా వెళ్ళిపోయింది.

బస్సులో దారి పొడుగునా కత్తెరక్క మొగుడి మీద విసుక్కుంటూనే ఉంది. తల ఊపినందుకు, చదవనందుకు, కిటికీ మూసినందుకు, తెరిచినందుకు. ఆ కోపంలో ఎంత భాగం తన మీదో ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

మర్నాడు ఆయన, దిద్దింది తను కాదని మొదట క్లాసులో చెప్పేశాడు, తర్వాత హెడ్డుగారి గదికి వెళ్ళాడు. ఉద్యోగానికి ముప్పు రాకపోయినా, మందలింపు కాగితమైనా వస్తుందని ఇద్దరూ అనుకున్నారు. హెడ్డుగారు మాత్రం అంతా విని, ఓస్ ఇంతేనా అన్నారు. వేరే డిపార్ట్‌మెంట్లలో అయితే అసలు ఎవరూ దిద్దడం లేదుట, సంతకాలు పెట్టి తిప్పి ఇచ్చేస్తున్నారుట. మీవాళ్ళెవరో ఇంట్లో కనీసం చదివారు కదా అని మెచ్చుకున్నారు. పైగా, ఇప్పుడు ఈ గొడవ కమిటీకి చెప్పి పాడు చెయ్యకండి, ఎందుకంటే కమిటీ మిమ్మల్ని వచ్చే సెమిస్టరు నుంచి క్యాంపస్ మొత్తానికి రాత కోర్సుల కన్వీనర్‌గా వేసింది అని చల్లగా చెప్పారు. మాస్టారు ఈసారి తల ఊపకుండా జాగ్రత్తపడ్డాడు. అయినా పనికి రాలేదు, ఉత్తర్వు అప్పటికే టైపయిపోయింది.

"మిమ్మల్నా? రాతకి?" అంది కత్తెరక్క. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారికి మాత్రం నవ్వు ఆగలేదు.

మిగిలిన సెమిస్టరంతా కట్టలు మాస్టారే చదివాడు. భోజనాల బల్ల దగ్గర, పెన్సిలుతో, ఒక్కో కాగితానికి పావుగంట. కత్తెరక్క ఎదురుగా కూర్చునేది గానీ, పెన్ను ముట్టకూడదన్నది షరతు. ఆయన అడిగితేనే చెప్పాలి. ఆయన అడిగేది పెళ్ళయిన మూడోనాడు చుట్టాలింట్లో మంచినీళ్ళడిగినంత మొహమాటంగా. "ఇక్కడేదో అడ్డం పడుతోంది కదూ? ఏమిటంటావు?" ఆవిడ చూసి చెప్పేది. ఒక్కోసారి ఆవిడ చెప్పిన మార్పుకి ఆయన అడ్డం తగిలేవాడు, అలా అంటే లెక్క మారిపోతుందని. అప్పుడు ఇద్దరూ పట్టుదలగా వాదించుకునేవాళ్ళు. చివరికి ఆయన అంచులో రాసే వ్యాఖ్య వంకరటింకరగా ఉండేది గానీ, దాదాపు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎవరిలో?" నూటికి ఇంతమంది, పదికి ఇంతమంది అని పిల్లలు రాసిన ప్రతిచోటా, ఎవరిలో, ఎవరిలో, ఎవరిలో. కుర్రాళ్ళు ఆయనకి ఎవరిలో మాస్టారని పేరు పెట్టేశారు.

పొదుపమ్మాయి చివరి ప్రతి ఆఖరి రోజున వచ్చింది. వస్తుందో రాదోనని కత్తెరక్క పైకి అడగలేదు గానీ, కట్ట రాగానే వేలితో అంచులు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ వెతికింది. మాస్టారు పైకి చదివాడు. అమ్మ ఉంది. డాక్టరు ఉన్నాడు. బీరువా ఉంది. లెక్క దగ్గర వాక్యం ఇలా ఉంది: "రోగం ఉన్నవాళ్ళని వందమందిని తీసుకుంటే, వాళ్ళలో తొంభైమందికి టెస్టు పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎంతమందికి రోగం ఉందన్నది వేరే ప్రశ్న. డాక్టరు మొదటిదానికి జవాబు చెప్పాడు. అమ్మ రెండోదానికి అనుకుని విన్నది."

"ఇది బాగుంది," అన్నాడు మాస్టారు. ఈసారి చదివే అన్నాడు.

కూతురికి సరిపోయే బట్టలు ఒకవైపు పెట్టిన వాక్యం మాత్రం లేదు. బీరువా సర్దింది, అంతే. కత్తెరక్కకి ప్రాణం ఉసూరుమంది. వ్యాసం మొత్తానికి అదే బంగారం లాంటి వాక్యం, దాన్ని ఎందుకు తీసేసిందీ పిల్ల? పైకి అనబోయి ఆగింది. ఎందుకు తీసిందో తెలుసు. అది వాళ్ళింటి సంగతి, మాస్టారి పెళ్ళానికి చూపించేది కాదు. తెలిసినా కడుపుమంట తగ్గలేదు. లేచి వెళ్ళి అక్కర్లేని గిన్నెలు కూడా కడిగింది.

సెలవులు అయ్యాయి. కొత్త సెమిస్టరు మొదలైంది. మాస్టారు కన్వీనరై, మీటింగుల్లో కూర్చుని పైకప్పు చూసేవాళ్ళందరినీ ఇప్పుడు తనే ఎదుర్కోవాల్సి వస్తోంది. రోజూ ఇంటికొచ్చి తలనొప్పి అంటాడు. ఒకరోజు అలా వచ్చి, చెప్పులు విప్పుతూ, పొదుపమ్మాయి కనిపించిందని చెప్పాడు. ఆ అమ్మాయికి రెండో రాత కోర్సు నడుస్తోందిట, చరిత్రలో. వ్యాసం తెగ పొడుగొస్తోందిట, ఎక్కడ కొయ్యాలో తెలియడం లేదుట. మేడమ్ చూస్తారా అని అడిగిందిట.

"ఏమన్నారు మీరు?"

"అడిగి చెబుతానన్నాను. భాష మాత్రమే చూడమంది. విషయం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది."

"భాష మాత్రమేట!" అంది కత్తెరక్క. భాష మాత్రమే చూడటం అంటూ ఒకటుంటుందా? అది ఎంత కుదరని పనో ఇన్నాళ్ళ రభస తర్వాత కూడా తెలియలేదా ఆ పిల్లకి? చాలాసేపు సణిగింది. కాగితాలు పంపితే చూడననీ, తనే ఇంటికొచ్చి ఎదురుగా కూర్చోవాలనీ, ప్రతి మార్పు అడిగి చేస్తాననీ, వద్దంటే మానేస్తాననీ చెప్పి పంపింది.

ఆదివారం పొద్దున్న పొదుపమ్మాయి వచ్చింది, కాగితాల కట్టతో. అత్తగారికి నమస్కారం పెట్టి, బల్ల దగ్గర కూర్చుని, మొదటి పేజీ తన చేతికిందే ఉంచుకుంది. కత్తెరక్క మెడ చాచి చదివింది. మొదటి వాక్యంలోనే "అనాదిగా" ఉంది.

"ఇది తీసేద్దామా?" అని అడిగింది ఆవిడ, శక్తికొద్దీ నెమ్మదిగా.

"ఎందుకు తీసెయ్యాలి మేడమ్?" అంది అమ్మాయి.

కత్తెరక్క పెన్ను బల్ల మీద పెట్టి, ఎందుకో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాలకి పిలిచినా ఇద్దరూ ఇంకా రెండో పేరా దగ్గరే ఉన్నారు.